పిల్లి పేరు చెప్పకపోయినా

మాచర్ల బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి టీచరు పరీక్ష కోసం ఇంగ్లీషు గ్రామరు చదువుతోంది. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, పుస్తకం కనబడితే ఊరుకోలేను.

"ఏందమ్మా ఆ పాఠం?"

"యాక్టివ్, పాసివ్ పెద్దమ్మా. 'పిల్లి ఎలుకను చంపింది' అంటే యాక్టివ్. 'ఎలుక చంపబడింది' అంటే పాసివ్."

"మరి పిల్లేదీ?"

"దాని పేరు చెప్పకపోయినా తప్పు కాదు. మార్కులు పోవు."

"మా ఇళ్ళల్లో 'కొట్టబడ్డా' అని ఎవురంటారే? దెబ్బలు తిన్నా అంటాం."

అమ్మాయి ఫక్కున నవ్వింది. "అది మరీ ఘోరం పెద్దమ్మా. తిన్నోళ్ళం మనమే, పెట్టినోడు మాయం!"

ఆ నవ్వులో చున్నీ జారింది. మెడ మీద వేళ్ళ గుర్తులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"అదేందమ్మా?"

"దెబ్బ తగిలింది," అంటూ చున్నీ లాక్కుంది.

"ఎవురు కొట్టారు?"

ఆమె నోరు తెరిచేలోగా వెనక సీట్లోంచి ఆమె భర్త గొంతు వినబడింది. "ఏమే, చదువుతున్నావా, కబుర్లు చెబుతున్నావా?"

ఆమె తల పుస్తకంలోకి వాలిపోయింది. నేను దిగేటప్పుడు కూడా ఎత్తలేదు.

అప్పటినుంచి ఏ ఆడమనిషైనా దెబ్బ తగిలిందంటే, ఎవరు కొట్టారని అడుగుతున్నాను. ఇంతవరకూ ఒక్కరూ పేరు చెప్పలేదు.