మూడు మూలల ఇంజన్

మొన్న ఒకాయన గడ్డి కోసే మిషన్ పట్టుకొని మా రిపేర్ షెడ్డు కాడికొచ్చిండు. స్టార్ట్ అయితలేదంటడు. తాడు గుంజిన. నాలుగోసారికి లేచి ఇంత నీలం పొగ నా మొకాన కొట్టింది. పెట్రోల్‌ల ఆయిల్ కలిపిన వాసన. ఆయన "పొగొస్తుంది, ఖరాబైనట్టేనా" అని అడుగుతనే ఉన్నడు, నేను ఆ పొగనే చూసుకుంట నిలబడ్డ. మా ఇంటామె లోపల్నుంచి చూసి "ఆయన మళ్ల విమానం ఎక్కిండు, జరసేపు కూసోండ్రి" అన్నది. ఆమెకు ఎరికే. ఈ ఊర్ల ఎవ్వరికి చెప్పినా నమ్మరు, అందుకే ఆమెకే పది తాపల చెప్పిన. ఇప్పుడు మీకు చెప్తున్న, నమ్ముడు నమ్మకపోవుడు మీ ఇష్టం. నేను విప్పి బిగించిన ఇంజన్‌తోని ఒక విమానం లేచింది. అండ్ల నేనున్న. టికెట్ కొనుక్కొని ఎక్కే విమానం గాదు.

సౌదీల హాయిల్ కాడ పద్నాలుగేండ్లు చేసిన. సౌదీ అంటే అంత ఇసుకే అనుకుంటరు గని, హాయిల్ దిక్కు గోధుమ పండుతది. బారెడు బారెడు ఇనుప పైపులు చక్రాల మీద గుండ్రంగ తిరుక్కుంట నీళ్లు చల్లుతయి. ఆ నీళ్లను భూమిలకెల్లి గుంజేటివి డీజిల్ ఇంజన్లు. అవి బాగుచేసే వర్క్‌షాప్ మా కఫీల్‌ది, అంటే నా వీసా ఎవరి పేరు మీదుందో ఆ సౌదీ సేటుది. నేను మెకానిక్‌ను. కాని ఇకామా, అంటే ఆడ ఉండనిచ్చే కార్డు, దాని మీద నా పని పేరు 'ఆమిల్' అని రాసిన్రు, అంటే ఉత్త కూలి. కార్డు ఎన్నిసార్లు కొత్తగ అచ్చయి వచ్చినా ఆ మాట మారలే. మార్పిస్త మార్పిస్త అని కఫీలూ అన్నడు, నేనూ ఊకున్న. అయినా కార్డు చూసినప్పుడల్లా కడుపుల మండేది.

కఫీల్ అరవై దాటిన మనిషి. వయసుల విమానాలు నడిపిండు, రిటైరైనంక సుత లైసెన్స్ విడువలే. నేను బాబా అని పిలిచేటోన్ని, ఆయన నన్ను అందరినీ పిలిచినట్టే సదీఖ్, అంటే దోస్తు, అనేటోడు. గోధుమలు పోసే షెడ్డుల ఒక మూలకు ఆయన తన చేతులతోని విమానం కడుతుండె, ఇద్దరు పట్టేంత చిన్నది. రెక్కలకే ఏడేండ్లు పట్టిందట. వాళ్లింట్ల దానికి 'రెండో పెండ్లాం' అని పేరు పెట్టిన్రు. అంత చేసి, ఇంజన్ కాడికొచ్చేసరికి మొండికేసిండు. విమానం ఇంజన్ నాకొద్దని, పల్టీ కొట్టిన ఒక జపాన్ కారుకెల్లి రోటరీ ఇంజన్ పట్టుకొచ్చిండు. నేను దాన్ని విప్పిన రోజు చూడాలె నా మొకం. పిస్టన్ లేదు, వాల్వులు లేవు. సమోసా లెక్క మూడు మూలల ఇనుప ముద్దలు రెండున్నయి, అవే గుండ్రంగ తిరుగుతయట. "బాబా, దీంట్ల సగం సామాన్ ఎవడో ఎత్తుకపోయిండు" అన్న. ఆయన కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విండు. "గంతే ఉంటది సదీఖ్. ఉన్నది తక్కువ, ఇరిగేది తక్కువ" అన్నడు. ఆ రోజు సంది శుక్రవారాలు నాకు షెడ్డులనే పోయినయి. రూమ్‌ల మనోళ్లంత కోడికూర వండుకొని తిని పంటే, నేను చేతులకు గ్రీసు రాసుకొని తిరిగిన.

అట్ల ఉండంగ నితాఖత్ అని సౌదీ సర్కారు రూలు వచ్చింది. దుకాణంల సౌదీలెందరు, బయటోళ్లెందరు అని చూసి ఒక్కో దుకాణానికి ఒక్కో రంగు ఇచ్చుడు. మా వర్క్‌షాప్‌ల అందరం బయటోళ్లమే, ఎర్ర రంగు పడ్డది. ఎర్ర రంగు పడితే ఇకామా రెన్యూవల్ గాదు. దానికి తోడు మనిషికింతని సర్కారుకు కట్టే లెవీ. నా ఇకామాకు నలభై రోజులే మిగిలినయి. రియాద్‌ల ఆఫీసు పనిచేసే కఫీల్ పెద్దకొడుకు వచ్చి వర్క్‌షాప్ మూసేస్తున్నమన్నడు. సరే, అది ఆయన ఒక్కని చేతుల లేదు. గని షెడ్డులకొచ్చి, నా ముంగటనే, వాళ్ల నాయినతోని ఏమన్నడో తెలుసా? "ఒక ఆమిల్ విప్పిన ఇంజన్‌తోని గాలిలకు పోతవా? ఈయన ఎగ్జిట్ మీద ఇండియాకు పోయిన తెల్లారే దీన్ని పీకి స్క్రాప్‌ల ఏస్త" అన్నడు. నాకు అరబీ రాదనుకున్నడేమో. తండ్రి పానం మీది భయంతోని అన్న మాట అది, ఇప్పుడు నాకు పిల్లలు పెద్దగైనంక సమజైతుంది. ఆనాడు సమజు గాలే, చేసుకోబుద్ధి గూడ గాలే. ఒళ్లంత మండింది. బాబా గుడ్డతోని చేతులు తుడుసుకొని, నిమ్మలంగ, "ముహందిస్ పోకముందే ఇది లేస్తది" అన్నడు. ముహందిస్ అంటే ఇంజనీర్. ఎవరి గురించి అంటుండో తెలువక నేను ఎనుకకు తిరిగి చూసిన.

ఇగ నా తప్పు చెప్పాలె. దాచుకుంటే ఈ కథకు అర్థం లేదు. డీజిల్ ఇంజన్ ఆయిల్ తాగుతుందంటే మా లెక్కల దానికి రోగమొచ్చినట్టే. మూడు మూలల ఇంజన్‌ను ఎప్పుడు నడిపినా ఆయిల్ తగ్గుతుండె. ఎక్కడ కారుతుందని ఎతికితే, ఒక చిన్న పంపు ఉండి ఆయిల్‌ను మెల్లమెల్లగ ఇంజన్ లోపలికే పోస్తుంది. దొంగ దొరికిండనుకొని ఆ పంపు బంద్ చేసిన, బాబాకు సుత చెప్పలే. వారం తిరగకముందే ఇంజన్ దమ్ము పోయింది. విప్పి చూస్తే సమోసా మూలల మీద ఉండే ఇనుప పట్టీలు అరిగి, లోపలి గోడ మీద గీతలు పడి ఉన్నయి. ఆ పట్టీలు ఆరిపోకుండ తడిపేటందుకే ఆయిల్ అట్ల పోసుకునుడు. దాని తిండి అది తింటుంటే రోగమని ఉపాసం పెట్టిన. పద్నాలుగేండ్ల అనుభవమే నా కండ్లు కప్పింది. బాబా కాడికి పోయి "తప్పు నాదే" అన్న. ఆయన తిట్టలే. తిడితే బాగుండు. "ఎన్ని రోజులున్నయి నీకు" అని మాత్రం అడిగిండు. పంతొమ్మిది అన్న.

అదే రోజు జుబైల్ నుంచి మా బామ్మర్ది ఫోన్. వాడు అక్కడ ఫ్యాక్టరీలు బంద్ పెట్టి చేసే రిపేర్లల్ల ఫిట్టరు. "బావా, మా కంపెనీల మనుషులు గావాలె. ఎర్ర రంగు పడ్డ దుకాణపోళ్లకు కఫీల్ ఒప్పుకోకున్నా నఖల్ అయితది. రేపే బస్సెక్కు" అన్నడు. నఖల్ అంటే ఇకామా ఇంకో కఫీల్ మీదికి మార్చుకునుడు. పది రోజులు ఆగుమన్న. "ఆగితే ఉండదు బావా. నీకేమన్న పిచ్చి లేసిందా? ముసలాయన బొమ్మ కోసం నౌకరి ఇడిసిపెడతవా?" అన్నడు. పిచ్చే అనుకో అన్న. ఇంటామె ఫోన్ చేసి ఏడ్సింది. నేను ఖరాబ్ చేసిన ఇంజన్‌ను అట్ల పారేసి పోతే, ఆ కొడుకు నన్నన్న మాట నిజమైతది. బతికినన్ని రోజులు నేను ఆమిల్‌నే. ఆమెకు అట్లనే చెప్పిన. "చేసి రా" అన్నది.

పట్టీల కోసం పాత కార్ల స్క్రాప్‌యార్డులన్ని తిరిగినం, బాబా బండి తోలుకుంట, నేను బోల్టులిప్పే పానాలు పట్టుకొని. ఎనిమిదో రోజు అసొంటి ఇంజనే ఒకటి దొరికింది, పట్టీలు, గోడలు మంచిగున్నయి. మార్చి బిగించిన. ఆ చిన్న పంపు మీద మాత్రం ఇగ నాకు నమ్మకం చాలలే. గాలిల ఉన్నప్పుడు అది ఆగిపోతే? అప్పుడు మా ఊర్ల పెట్రోల్ బంకు యాదికొచ్చింది. చిన్నప్పుడు మోపెడ్ తీస్కపోతే బంకాయన డబ్బాతోని ఆయిల్ కొలిచి పెట్రోల్‌లనే పోసేటోడు. "బాబా, టాంకిలనే కలుపుదాం. పెట్రోల్ పోయిన కాడికల్లా ఆయిల్ పోతది" అన్న. ఆయన "ఇది నువ్వు ఏడ నేర్సినవు" అని అడిగిండు. జగిత్యాల బంకుల అన్న.

నా ఇకామాకు మూడు రోజులున్నయనంగ, పొద్దుగాల నమాజు అయినంక, విమానాన్ని బయటికి దొబ్బినం. పర్మిషన్ కాయితాలు బాబా ఎప్పుడో తెచ్చుకున్నడు. పొలం పక్కన సాపు చేసిన మట్టిబాట ఉంది. కొడుకు గూడ వచ్చిండు, చేతులు కట్టుకొని నిలబడ్డడు. మొదటిసారి పైలెట్ ఒక్కడే లేవాలని రూలట. మా మెకానిక్‌ల రూలు వేరే. ఎవడు రిపేర్ చేస్తే వాడే ముందు ఎక్కాలె, సైకిలైనా లారీ అయినా. చేసినోడు ఎక్కకుంటే ఆ పని మీద వానికే నమ్మకం లేదని లెక్క. నాకు విమానం నడుపుడు రాదాయె, పక్క సీట్ల కూసున్న. కొడుకు "దిగు" అన్నడు. "నేను దిగితే ఇంజన్ గూడ దిగుతది" అన్న. బాబా బెల్టు కట్టుకో అన్నడు.

ఆ ఇంజన్ అరుపుకు చెవులు పనిచేయలే. కంకర కొట్టుకుంట ఉరికింది, ఉరికింది, కంకర చప్పుడు ఆగింది. నా పని ఒక్కటే, వేడి చూపించే ముల్లు చూసుడు. ముల్లు ఎక్కుతుంది. ఎర్ర గీత కాడికొచ్చి ఆగింది. బాబా ముల్లును చూడలే, నన్ను చూసిండు. గని పట్టీలు నా చేతులతోని పెట్టిన, ఒక్కోటి వేలితోని తడిమి పెట్టిన. "పోనీ" అని చెయ్యి ఊపిన. ఆయన విమానం ముక్కు కొంచెం దించిండు, ఇంజన్‌కు గాలి తలిగింది, ముల్లు మెల్లగ దిగింది. అప్పుడు కిందికి చూసిన. ఇసుకల గోధుమ మళ్లు ఆకుపచ్చ రొట్టెలు పరిచినట్టున్నయి. ఒక్కో మడి నడుమ ఒక పంపు. ఇది నాది, అది నాది, అగో అది మూడుసార్లు బాగుచేసింది. పద్నాలుగేండ్లు బోల్ట్ తప్ప ఏం చూడని కండ్లకు అప్పుడు కనపడ్డది, ఆ పచ్చదనమంత ఎవరి చేతుల మీదికెల్లి వచ్చిందో. ఏడుపొచ్చింది, అరిసిన గూడ. ఎవలకు ఇనపడుతది.

పదకొండు నిమిషాలకు దిగినం. కొడుకు దగ్గరికొచ్చి వాళ్ల నాయిన చెయ్యి పట్టుకొని జరసేపు విడువలే. తర్వాత నా దిక్కు తిరిగి, "పెట్రోల్‌ల ఆయిల్ ఎంత కలపాలె" అని అడిగిండు. ఇంజన్ పీకుతలేరని నాకు అట్ల తెలిసింది. చెప్పిన. రాసుకున్నడు.

బాబా విమానం మీద చేసిన పనులన్ని రాసే పుస్తకం తీసి ఇంజన్ పేజీల నన్ను సంతకం పెట్టుమన్నడు. సౌదీల పద్నాలుగేండ్లు నేను పెట్టినవన్ని వేలిముద్రలే. నేను తెలుగుల పెట్టిన. పేరు, దాని కింద ఊరి పేరు. ఆయన పుస్తకాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, మంచిగుంది అన్నడు. మూడు రోజులకు ఎగ్జిట్ పడ్డది. ఆ కాయితం మీద గూడ నేను ఆమిల్‌నే.

గడ్డి మిషనాయనకు చెప్పిన, పొగొస్తే ఖరాబైనట్టు గాదు, అది బతికున్నట్టు అని. నా ఇకామా అయిపోయి ఎన్నేండ్లాయెనో నేను లెక్కపెట్టుడు మానుకున్న. హాయిల్‌ల ఆ పుస్తకంల నా పేరు తెలుగుల ఉంది, దాన్ని ఏటేటా రెన్యూవల్ చేసే పని లేదు.