గెట్టు కింద నీళ్లు

నేను వరంగల్‌లో ఒక కాలేజీలో పర్యావరణ శాస్త్రం చెబుతాను. మొదటి పాఠం భూమి పొరలు, రెండోది ఆవరణాలు, మూడోది నీటి చక్రం. బోర్డు మీద భూమిని ఉల్లిగడ్డలా అడ్డంగా కోసి చూపించడంలో నన్ను మించినవాళ్లు లేరని నాకు కాస్త గర్వం ఉండేది. నర్సంపేట దగ్గర మా అత్తమ్మ మిర్చి చేనులో ఆ గర్వానికి చిల్లు పడింది. సరిగ్గా చెప్పాలంటే ఆరున్నర ఇంచుల బోరు చిల్లు.

పెళ్లయి వచ్చిన కొత్తలో ఒకరోజు చిక్కుడుకాయలు తుంచుతూ, కాలేజీలో ఏం చెప్తావని అత్తమ్మ అడిగింది. నేను ఉత్సాహంగా మొదలుపెట్టాను. పైన భూపటలం, దాని కింద ప్రావారం, అట్టడుగున కేంద్రం, అక్కడ ఇనుము కూడా కరిగిపోయేంత వేడి. ఆమె అంతా విని, చిక్కుడు ఈనె తీసి పక్కన పడేసి అంది.

"అంత లోతు నాకెందుకు బిడ్డా. రెండొందల ఫీట్ల కాడికి చెప్పు, సాలు."

మా పుస్తకం భూమి నడిబొడ్డు దాకా పోతుంది గానీ అత్తమ్మ చేను కింద ఏముందో అందులో ఒక్క ముక్క లేదు. ఆమెకు కావలసింది ఆ ఒక్క ముక్కే.

మా చేనుకు ఆనుకుని చిన్నమామ చేను ఉంది. ఆయన మా మామయ్యకు చిన్నాన్న కొడుకు. రెండు చేల మధ్య ఒడ్డును మా దగ్గర గెట్టు అంటారు. మామయ్య చనిపోయిన ఏడాది ఆ గెట్టు దగ్గర సర్వే జరిగింది. చిన్నమామ గెట్టును మూరెడు ఇటు జరిపాడని అత్తమ్మ, తానే మూరెడు పోగొట్టుకున్నానని చిన్నమామ. ఆ రోజు నుంచి మాటల్లేవు. మా ఆయన కూడా మాట్లాడకూడదు, తల్లి ఒట్టు వేయించుకుంది. కానీ కోడలు గొడవ తర్వాత వచ్చింది కనుక గొడవ ఆమెకు అంటదని ఊరి పద్ధతి. అలా రెండు చేలకూ కలిపి మాట ఉన్న మనిషిని నేనొక్కదాన్నే అయ్యాను. అది గౌరవం అనుకున్నాను గానీ, అడకత్తెరలో పోకచెక్క అయ్యానని తర్వాత తెలిసింది.

ఆ పద్ధతి ఎలా ఉంటుందంటే, వాళ్లిద్దరూ మూడడుగుల దూరంలో నిలబడతారు. ఆయన నావైపు చూసి మీ అత్తకు చెప్పు అంటాడు. ఆమె అంతా వింటుంది. అయినా నేను మళ్లీ చెప్పాలి. నేను చెప్పేదాకా ఆమె చెవిన పడనట్టే లెక్క. నేను ఒక మాట మింగేసినా, ఒక మాట మెత్తబరిచినా ఇద్దరూ ఒకేసారి నన్ను సరిదిద్దుతారు.

రెండేళ్ల కింద మాఘంలో మా పాత బావి అడుగంటింది. మిర్చి తోట రెండో ఏరుడు, అంటే రెండో కోత మీద ఉంది. మిర్చిలో మొదటి ఏరుడు పెట్టుబడికి పోతుంది, రెండోదే ఇంటికి మిగిలేది. కాయ పట్టింది కానీ ఆకులు మధ్యాహ్నానికల్లా వేలాడుతున్నాయి. వారానికి ఒకటి చొప్పున ఇంకో నాలుగు తడులు పెడితే పంట చేతికొస్తుంది, లేదంటే ఏడాది కష్టం చెట్టు మీదే ఎండిపోతుంది. అత్తమ్మ అన్నం సగంలో లేచి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. ఆమె అన్నం వదిలేయడం నేనెప్పుడూ చూడలేదు, నాకు నిజంగా భయం వేసింది.

బోరు వేద్దామన్నాం. ఎక్కడ వేయాలన్న పాయింట్ దగ్గర అత్తాకోడళ్ల గొడవ మొదలైంది. ఆమె అరచేతిలో కొబ్బరికాయ పట్టుకుని నడిచే ఆయన్ను పిలుస్తానంది. సైన్సు చెప్పేదాని ఇంట్లో కొబ్బరికాయ ఏమిటని నేను ఎగిరాను. హన్మకొండ నుంచి మిషన్‌తో నీళ్లు చూసేవాళ్లను పిలిపించాను. చివరికి ఇద్దరూ వచ్చారు, వేర్వేరు రోజుల్లో. కొబ్బరికాయ ఎక్కడ నిటారుగా లేచి నిలబడిందో దానికి నాలుగడుగుల దూరంలోనే మిషన్ కూడా గుర్తు పెట్టింది. మిషన్ కొబ్బరికాయను ఒప్పుకుందని అత్తమ్మ, కొబ్బరికాయ మిషన్‌ను ఒప్పుకుందని నేను. ఎవరి పిచ్చి వాళ్లకు ఆనందం. ఇబ్బందల్లా ఒక్కటే, రెండు గుర్తులూ గెట్టుకు దగ్గరగా పడ్డాయి, చిన్నమామ బోరు గెట్టుకు అవతల అంతే దగ్గరలో ఉంది.

ఆయన వద్దంటాడని అందరం అనుకున్నాం. వద్దనలేదు. వద్దనాలంటే మాట్లాడాలి కదా. నన్ను పిలిచి చెప్పించవచ్చు, కానీ అడ్డం పడ్డాడన్న మాట వదిన నోట పడడం ఆయనకు ఇష్టం లేదు. చేతులు కట్టుకుని తన వేపచెట్టు కింద నిలబడి చూస్తూ ఉన్నాడు.

బోరు బండి పొద్దున్నే వచ్చింది. పిల్లలకు చూపిద్దామని నేను ఖాళీ చాక్‌పీసు డబ్బాలు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. ఇరవై అడుగుల రాడ్డు దిగిన ప్రతిసారీ పైకొచ్చే పొడిని ఒక డబ్బాలో నింపి నంబరు వేయడం నా పని. బండి మీద పనిచేసే కుర్రాళ్లు నన్ను చూసి నవ్వుకుని ఒక కుర్చీ వేశారు. మొదట ఎర్రమట్టి, తర్వాత గరుకు మొరం, ఆ తర్వాత చేత్తో నలిపితే పొడయ్యే మెత్తరాయి, దాని కింద నల్లరాయి. బోర్డు మీద రంగు చాక్‌పీసులతో ఇన్నేళ్లు గీసింది నా ఒళ్లో డబ్బాల్లో ఉంది. నాకు పట్టలేనంత సంతోషం. అత్తమ్మ ముఖం మాత్రం రాడ్డు రాడ్డుకూ వాడిపోతోంది. తొమ్మిది రాడ్లు దిగినా దుమ్మే లేస్తోంది, తడి లేదు. ఆ దుమ్ము ఆమె కనురెప్పల మీద తెల్లగా పేరుకుంటుంటే నా డబ్బాల మీద నాకే సిగ్గేసింది. తీసి కుర్చీ కింద పెట్టేశాను.

పదో రాడ్డు సగం దిగాక పైకి దుమ్ము రావడం కూడా ఆగిపోయింది. బండి గాలి కొడుతూనే ఉంది, ఆ గాలి ఎటు పోతోందో తెలియడం లేదు. డ్రైవర్ తల గోక్కున్నాడు. అప్పుడు గెట్టు అవతల నుంచి గుడగుడమని చప్పుడు వచ్చింది. చిన్నమామ బోరు పైపు చుట్టూ బురదనీళ్లు మనిషెత్తు లేచాయి. ఆయన వేపచెట్టు కింద నుంచి పరుగెత్తుకొచ్చాడు, తలపాగా ఊడి సాళ్లలో పడింది.

"బిడ్డా, మీ అత్తకు చెప్పు, నా బోరు ఆగమైతాంది అని."

"మీ చిన్నమామకు చెప్పు, నేనేం కావాలని చేస్తలేనని," అని అత్తమ్మ అంది. బండి చప్పుడులో నేను ఇద్దరికీ అరిచి అరిచి చెప్పాను. కాసేపటికి మా బోరులోంచి కూడా నీళ్లు పొంగాయి. ఇంచున్నర ధార నీళ్లు పడ్డాయని డ్రైవర్ తేల్చాడు. అత్తమ్మ రెండు చేతులతో ఆ బురదనీళ్లు పట్టి తల మీద పోసుకుంది. నేనూ పోసుకున్నాను, ఏడుపొచ్చింది.

సంతోషం నాలుగు రోజులే. రెండు బోర్లకూ ఆటో స్టార్టర్లు. కరెంటు రాగానే రెండు మోటర్లూ వాటంతట అవే లేస్తాయి, పది నిమిషాలకు రెండూ గాలి కక్కుతాయి. మా బోరు, ఆయన బోరు ఒకే రాతిపగులులో దిగాయి. మా తోటతో పాటు ఆయన తోట కూడా వాడిపోవడం మొదలైంది. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే అదే.

నాకు తెలిసిన శాస్త్రం అక్కడ పనికొచ్చింది, నేను కాదనను. అన్నం దగ్గర కూర్చుని అత్తమ్మకు చెప్పాను, ఒక కొబ్బరిబోండాంలో రెండు స్ట్రాలు వేసి ఇద్దరూ ఒకేసారి పీలిస్తే ఇద్దరికీ గుటక దక్కదు, ఒకరి తర్వాత ఒకరు తాగాలని. ఆమె మొహం చిట్లించి, ఆయన ఎంగిలి నేను తాగాల్నా అంది. ఇన్నేళ్ల నుంచీ బావిలో తాగుతున్నది కూడా ఆ నీళ్లేనేమో, వాన చుక్క మొరంలో దిగేటప్పుడు ఎవరి గెట్టు అని అడగదు కదా అన్నాను. ఆమె పచ్చడి కలుపుతూ, అయితే మీ చిన్నమామకు చెప్పు అంది.

మర్నాడు వంతులు కుదిరాయి. పొద్దున ఆయన, పదింటి నుంచి మేము. ఆటో స్టార్టర్లు తీసేసి చేత్తో పెట్టుకోవాలి. అయితే ఆయన బందు పెట్టిన సంగతి ఆమెకు ఎలా తెలియాలి? మోటర్ బోరు లోపల ఉంటుంది, చప్పుడు పైకి వినపడదు. రెండు మోటర్ షెడ్ల మధ్య యాభై అడుగులు ఉంటాయి, ఒక్క కేక వేస్తే చాలు. కానీ మాటల్లేవు. అందుకని ఆయన చేను నుంచి వరంగల్‌లో ఉన్న నాకు ఫోన్ చేస్తాడు, బందు పెట్టిన్నని చెప్పు అంటాడు. నేను యాభై అడుగుల అవతల ఉన్న అత్తమ్మకు ఫోన్ చేసి చెప్తాను. ఆమె మోటర్ వేసి, వేసిన్నని చెప్పు అంటుంది. నేను మళ్లీ ఆయనకు. క్లాసు మధ్యలో నేను ఫోన్ ఎత్తితే మా పిల్లలు, మేడమ్ నీళ్లు వదులుతున్నారు అని నవ్వేవాళ్లు. రెండు తడులు అలాగే గడిచాయి, తోట తేరుకుంది.

మూడో తడి రోజు నాకు పరీక్ష హాలులో డ్యూటీ పడింది. ఫోన్లు ఆఫీసులో ఇచ్చేసి వెళ్లాలి. ఆ సంగతి ముందు రోజే ఇద్దరికీ చెప్పాల్సింది. పేపర్ల హడావుడిలో పూర్తిగా మరిచిపోయాను. తప్పు నాదే.

ఒంటిగంట దాటాక ఫోన్ చేతికొచ్చింది. తెర నిండా వాళ్లిద్దరి పేర్లే. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఏం కొట్టుకున్నారో అనుకున్నాను. దొరికిన బస్సెక్కి దారంతా నన్ను నేను తిట్టుకుంటూ పోయి, రోడ్డు మీద దిగి చేను దాకా ఉరికాను. మోటర్ మా వైపుదే నడుస్తోంది, సాళ్లలో నీళ్లు పారుతున్నాయి. అత్తమ్మ దూరంగా వంగి, నీళ్లు పక్క సాలుకు మళ్లేలా మడవ తిప్పుతోంది. చిన్నమామ మా గెట్టు ఇవతల, మా బోరులోంచి వచ్చిన రాతిపొడి కుప్ప మీద కూర్చుని ఉన్నాడు. గెట్టు దాటి ఆయన కాలు పెట్టడం నేనెప్పుడూ చూడలేదు.

జరిగింది ఆయనే చెప్పాడు. పదింటికి మాట ప్రకారం ఆయన మోటర్ బందు పెట్టాడు. నాకు చేశాడు, నేను ఎత్తలేదు. సరే, కోడలు ఎత్తేదాకా ఆగుదామని కూర్చున్నాడు. అవతల అత్తమ్మ, ఆయన ఇంకా బందు పెట్టలేదనుకుని నాకు చేస్తూ కూర్చుంది. ఎండ నెత్తి మీదికొచ్చింది. భూమిలో నీళ్లున్నాయి, తీగలో కరెంటు ఉంది, మోటర్లు రెండూ మంచివే. అయినా మూడు గంటల సేపు రెండు తోటలూ నా ఫోన్ కోసం ఎండుతూ ఉన్నాయి. వింటుంటే నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

"ఆకులు చేతుల పట్టుకొని చూసింది మీ అత్త. చూసి, సక్కగ గెట్టు కాడికొచ్చి నిలబడ్డది. మరిదీ, బందు పెట్టినవా అన్నది. పెట్టి మూడు గంటలైంది వదినె అన్న."

ఇంకేమీ అనలేదా అని అడిగాను. ఆయన తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకున్నది చెమటేనని నేను ఒప్పుకోను.

"అన్నది. ఇంత ఎండల కూసున్నవు, తిన్నవా అన్నది. నేను గింతున్నప్పుడు మా అమ్మ పోతే, ఆమె పెండ్లై కొత్తగ వచ్చింది. బడి నుంచి రాంగనే ముందు ఆ మాటే అడిగేది."

ఏం చెప్పావని అడిగాను. తిన్నానని చెప్పాడట. నిజానికి తినలేదు, అబద్ధమని ఆమెకు తెలిసిపోయింది. సాళ్ల చివర నుంచి అత్తమ్మ మడవ సరిచేసి నడుం ఎత్తింది. నావైపు చూడలేదు, నన్ను పిలవలేదు. పారే నీళ్ల చప్పుడు మీదుగా నేరుగా ఆయనతోనే అంది.

"మరిదీ, షెడ్డుల సద్ది ఉన్నది. నీళ్లు పారేలోపల తిను పో."