చెరువు తాగేసిన బున్‌రే

ఓక్ బున్‌రే ఒక చెరువును తాగేసింది. ఉత్త మాట కాదు. మూడు కొండల నీళ్లు, ముప్పై అడుగుల లోతు, పైన జానెడున్నర మందాన మంచుగడ్డ మూత. గురువారం మధ్యాహ్నం మొదలుపెట్టి ఆదివారం పొద్దుటికల్లా మొత్తం పీల్చేసి, మూతి తుడుచుకుని ఇంటికెళ్లి పడుకుంది. అప్పటికామెకు అరవై ఆరేళ్లు. నోట్లో సొంత పళ్లు తొమ్మిది. నమ్మనివాళ్లు మా ఊరు మోరేగోల్ వచ్చి ఎవర్నయినా అడుక్కోవచ్చు. చేపల్ని మాత్రం అడక్కండి, అవి ఆ సంగతి ఎత్తితేనే ఏడుస్తాయి.

ఎందుకు తాగిందీ అంటే, ముందు కట్ట గురించి చెప్పాలి. బున్‌రే ఏడేళ్ల పిల్లప్పుడు వానల్లో వాగు పొంగి కింది ఊళ్లో సగం ఇళ్లు ఊడ్చుకుపోయాయి. ఆ మరుసటి ఏడాది ఊరంతా వీపు మీద చెక్క మోతబల్లలు కట్టుకుని, గోధుమపిండి కూలికి మట్టి మోసి, రెండు కొండల మధ్య ఈ కట్ట వేశారు. సగం కట్ట బున్‌రే ఒక్కతే మోసిందని మా వాళ్లంటారు. అప్పటికి ఆమె ఎత్తు మూడడుగులు. పోనీండి, పావు కట్ట అనుకుందాం.

కట్ట పని ఒక్కటే. వరదొస్తే పట్టి ఆపి, మెల్లమెల్లగా కిందికి వదలాలి. అందుకే దాని కడుపు ఎప్పుడూ సగం ఖాళీగా ఉంచాలి. ఆ పని చూసే కాపలాదారు బున్‌రే మొగుడు. ఆయన పోయాక తూము తాళంచెవి ఆమె మొలకు చేరింది. పంతొమ్మిదేళ్లుగా అక్కడే ఉంది.

ఆమె రూళ్లు కింది ఊళ్లో కుక్కలకు కూడా తెలుసు. కట్ట మీద షికారు చెయ్యొచ్చు, ఎంత తొక్కితే అంత గట్టిపడుతుంది. వాలు మీద అట్టముక్కలేసుకుని జారకూడదు, గడ్డి లేచిపోతుంది. చెట్లు నాటకూడదు, వేళ్లు కట్టను తొలుస్తాయి. ఒక వసంతంలో యువజన సంఘం వాళ్లు కట్ట పొడుగునా చెర్రీ మొక్కలు నాటి ఫొటోలు దిగి వెళ్లారు. ఫొటోలు ఇంకా ఉన్నాయి. మొక్కలు మర్నాడు వాళ్ల ఆఫీసు గుమ్మంలో కట్టగట్టి ఉన్నాయి.

కట్ట మీద ఒకే ఒక్క చెట్టుండేది, తెల్లపూల తుమ్మ. తేనెటీగలు వస్తాయని మొగుడు దాన్ని కొట్టనిచ్చేవాడు కాదు. ఆయన పోయిన ఏడాది బున్‌రే గొడ్డలి తీసుకుని తనే నరికింది. మొద్దు మాత్రం వదిలేసింది.

ఇక సీసాలు. కట్ట అడుగున చిన్న ఊట ఉంది. ప్రతి మట్టికట్టా కొంచెం చెమటోడుస్తుంది, దాంతో భయం లేదు. చెమట తేటగా ఉన్నంతకాలం కట్ట బతికున్నట్టు. అందుకని బున్‌రే ప్రతి సోమవారం ఒక ఖాళీ సారా సీసా నిండా ఊటనీళ్లు పట్టి, తేదీ చీటీ అంటించి, కిటికీ గూట్లో పెట్టేది. అడుగున మట్టి తేరుకుందా లేదా అని వారమంతా చూసేది. కిటికీలు మూడు, సీసాలు వందకు పైనే. దారిన పోయేవాళ్లంతా ఆమె గొప్ప తాగుబోతని నిర్ధారించుకున్నారు. ఆమె కాదనలేదు. తాగుబోతుతో వాదనకు ఎవరూ దిగరు కదా.

చిక్కంతా చేపల పండగతో వచ్చింది. చలికాలంలో చెరువు గడ్డకట్టాక, గడ్డకు బొక్కలు కొట్టి వేలెడు వెండి చేపల్ని పట్టి, బతికుండగానే ఎర్రకారం ముద్దలో ముంచి నోట్లో వేసుకోవడానికి పట్నాల నుంచి జనం బస్సుల్లో దిగుతారు. దానికి చెరువు నిండుగా ఉండాలి. పండగ కమిటీ చైర్మన్ ప్యో గిల్‌సాంగ్ ప్రతి ఆకురాలు కాలంలోనూ కౌంటీ ఆఫీసు నుంచి కాగితం తెచ్చి తూము మూయించేవాడు. బున్‌రే మొగుడి కంటే రెండేళ్లు చిన్నవాడు, ఆయన్ని అన్నా అని తిరిగినవాడు. అందుకని ఆమెను వదినా అంటాడు.

ఆ చలికాలం కట్ట వాలంతా తెల్లగా మంచు పరుచుకుంది, అడుగున చాపంత మేర తప్ప. అక్కడ ఎంత కురిసినా నిలవలేదు. ప్యో అది చూసి ఎగిరి గంతేశాడు.

"చూశావా వదినా! మంచు ముందు కరిగే చోటంటే సాక్షాత్తూ పెద్దల దీవెనున్న చోటు. మా నాన్న సమాధికి ఇలాంటి జాగా కోసం ఏడు కొండలెక్కి దిగాను. ఇక్కడే కొండదేవుడికి బల్ల వేద్దాం."

"దీవెన కాదు, మరిదీ. కింద నీరు నడుస్తోంది. నేల లోపలి నీళ్లు వెచ్చన, అందుకే మంచు నిలవట్లేదు."

"నీకు ఎక్కడ చూసినా నీళ్లే! ఆ సీసాలు తగ్గించుకో వదినా."

శనివారం పండగ. గురువారం పొద్దున పూజ. ఆ చాపంత జాగాలోనే బల్ల వేశారు. ఆవిరి బియ్యపు రొట్టెలు, కల్లు కుండ, మధ్యలో ఉడికించిన పంది తల. పందిది మంచి నవ్వు మొహం, ఏరి తెచ్చారు. ప్యో మోకాళ్ల మీద వంగి నుదురు నేలకు ఆనించాడు. లేచేసరికి బల్ల ముందుకాలు నాలుగు వేళ్లు దిగబడి ఉంది. రెండోసారి వంగాడు. బల్ల ఒరిగింది. పంది తల అదే నవ్వుతో దొర్లుకుంటూ వచ్చి చైర్మన్‌గారి ఒళ్లో కూర్చుంది.

అందరూ పందిని చూస్తుంటే బున్‌రే బల్లకాలు లాగి ఆ గుంతలో సీసా పెట్టింది. నిండిన సీసాను రాతి మీద నిలబెట్టి, చంకల్లో చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడింది. పది నిమిషాల్లో అడుగున వేలెడు మట్టి పేరుకుంది. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి.

కట్ట లోపలి నుంచి కరిగి పోతోంది. కింద అరవై రెండు ఇళ్లున్నాయి. ఎల్లుండికి అదే వాలు కింద డేరాల్లో వేలమంది ఉంటారు.

కౌంటీ ఆఫీసుకు ఫోన్ చేసింది. అవతలి గుమస్తా సోమవారం మనిషిని పంపిస్తామన్నాడు. "సోమవారం దాకా ఆగమని మీరొచ్చి కట్టకు చెప్పండి, నా మాట వినదు," అని పెట్టేసింది.

ప్యో సీసాను ఎండకేసి పట్టి చూశాడు. మొహం పాలిపోయిందిగానీ మాట తగ్గలేదు.

"రెండ్రోజులు వదినా. మూడే మూడు రోజులు. ఈ పండగ మీద పదిహేను కుటుంబాలు ఏడాదంతా తింటాయి. నీకు తెలీదా?"

"తెలుసు. ఆ పదిహేనూ కట్ట కిందే పడుకుంటాయి. అది కూడా తెలుసు."

"తూము మీద చెయ్యేస్తే పోలీసుల్ని పిలుస్తా!"

"పిలువు. నలుగురొస్తే మంచిదే, చక్రం బిగుసుకుపోయింది."

అక్కణ్నుంచి ఆమె నేరుగా పంచాయతీ హాలుకెళ్లి, ఊరిపెద్ద రోజూ పాత పాటలు వేసే మైకు అందుకుంది. లోయంతా ఆమె గొంతు మోగింది.

"ఆ... ఆ... వినబడుతోందా? నేను ఓక్ బున్‌రేని. గడ్డ మీదున్నవాళ్లు డ్రిల్లులు అక్కడే పడేసి గట్టుకు రండి. కింది ఊరివాళ్లు ముసలాళ్లనీ కుక్కల్నీ తీసుకుని బడి మెట్టకెక్కండి. పొయ్యి మీద ఏమైనా ఉంటే కట్టేసి వెళ్లండి. నన్ను తిట్టాలనుకున్నవాళ్లు ఎక్కేటప్పుడు తిట్టుకోండి, అలుపు తెలీదు. అంతే."

తిట్టుకుంటూనే ఎక్కారు. గడ్డ మీద ఆఖరి మనిషి గట్టెక్కేదాకా బున్‌రే లెక్కపెట్టి, అప్పుడు తూము గదికెళ్లింది. చక్రం మంచులో బిగిసి రాయిలా ఉంది. వేలాడినా కదల్లేదు. పక్క డేరాలో మహిళా సంఘం వాళ్లు పండగ కోసం ఎద్దెముకల సూపు కాస్తున్నారు. పెద్ద గంగాళం తెల్లగా తెర్లుతోంది.

"ఇలా పట్టుకురండి."

"అక్కా, అది పండగ సూపు!" అంది గరిటె పట్టుకున్నావిడ.

"ఉప్పేశారా?"

"ఇంకా లేదు."

"మంచి పని చేశారు. ఇనుముకు తుప్పు పట్టదు."

ఒక్క గిన్నెడు తప్ప గంగాళం మొత్తం చక్రం మీదా కడ్డీ మీదా కుమ్మరించారు. ఆవిరి లేచింది. ఊళ్లో కుక్కలన్నీ ముక్కులెత్తాయి. చక్రం కీచుమంది. బున్‌రే కాళ్లు తన్నిపెట్టి లాగింది. వెనక ఎవరో చెయ్యి కలిపారు. తిరిగి చూస్తే ప్యో గిల్‌సాంగ్, ఒంటి మీద ఇంకా పంది కొవ్వు మరకతో.

"నిన్ను మా అన్న ఎలా భరించాడో," అన్నాడు రొప్పుతూ.

"భరించలేకే ముందు వెళ్లిపోయాడు. తిప్పు."

పదకొండు చుట్లు. వాగు గట్టు దాటకుండా అంతవరకే. నీళ్లు కింద నుంచి జారిపోతుంటే గడ్డకు ఆనిక పోయింది. మర్నాటికి అంచుల వెంట పగిలింది. కొండలు బద్దలైనట్టు ఆ చప్పుడు. పక్క కౌంటీలో గేదెలు ఈనాయంటారు, అక్కడ గేదెలే లేవనుకోండి. సోమవారం రావాల్సిన ఇంజనీర్లు ఆ చప్పుడు టీవీలోకెక్కాక శుక్రవారమే పరిగెత్తుకొచ్చారు. చాపంత జాగాలో తవ్వితే భుజం దాకా చెయ్యి పట్టే బొరియ. కుళ్లిన వేరు ఎటు పోతే అటు కట్ట లోపలికి పోయింది. ఆ వేరు ఏ మొద్దుదో బున్‌రే ఒక్క చూపుతో గుర్తుపట్టింది.

ఆ ఏడు పండగను బడి మైదానంలో నీళ్ల తొట్లు పెట్టి జరిపారు. సగం మందే వచ్చారు. ప్యో రెండు నెలలు ఆమెతో మాట్లాడలేదు. మూడో నెల ఓ పెట్టె నిండా ఖాళీ సీసాలు తెచ్చి గుమ్మంలో పెట్టి, పలకరించకుండా వెళ్లిపోయాడు.

మొన్న పంచాయతీ హాల్లో పట్నం నుంచి వచ్చినవాళ్లకు ఈ కథే చెబుతున్నారు, చెరువు తాగేసిన ముసలమ్మ అని. మూలన ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్న బున్‌రే తలెత్తకుండానే అంది:

"చెరువు నేను తాగలేదు. చక్రం పదకొండు చుట్లు తిప్పాను, అందులో నాలుగు ప్యోవి. సూపు ఒక గిన్నె తాగాను, ఉప్పు లేదు. ఆ మొద్దు తవ్వకుండా వదిలేసింది నేనే. అది చెప్పరేం?"