వంకర కుట్టు

రాజాంలో కిరాణా కొట్టు ముందు కొత్త గోనెసంచులు దింపుతుంటే వాటి నారకు పట్టించిన నూనె వాసన గుప్పున ముక్కుకు తగిలింది. పైడమ్మక్క గుర్తొచ్చింది, ఆవిడ వెనకే నా పాత కుళ్లూ వచ్చింది. నెల్లిమర్ల దగ్గర వికలాంగుల కోసం నడిపే ఒక కుట్టు కేంద్రంలో మేమిద్దరం పక్కపక్కనే కూర్చుని కరెంటు మిషన్ల మీద ఇలాంటి గోనెసంచులే కుట్టేవాళ్లం. నాది పోలియో కాలు. ఆవిడ కుడిచేతికి పుట్టుకతో మూడే వేళ్లు. నాకు కుట్టు నేర్పింది ఆవిడే. రెండు చేతులూ సవ్యంగా ఉన్న నాకు ఆ మూడు వేళ్ల పనితనంలో సగం కూడా వచ్చేది కాదు. ఒళ్లు మండేది.

ఎన్నేళ్లు కుట్టినా కాగితాల్లో మేము శిక్షణార్థులమే. పనివాళ్లని రాస్తే కనీస వేతనం ఇవ్వాలి, పీఎఫ్ కట్టాలి. అందుకని మా చేతిలో పెట్టే కాస్త డబ్బునీ పన్నుల కాగితాల్లో జీతమని కాక, వికలాంగులకు చేసిన సాయమని చూపించేవారు. తనిఖీ ఉందంటే మేనేజరు ముందురోజే వచ్చి, కొత్తగా నేర్చుకునేవాళ్లలా కాస్త వంకరగా కుట్టమని బతిమాలేవాడు. ఆ విద్యలో నన్ను మించినవాళ్లు లేరు. ఆయన మెచ్చుకుంటే అక్క వైపు గర్వంగా చూసేదాన్ని కూడా.

ఒక యేడు కార్మిక శాఖ నుంచి ఆఫీసరమ్మ వచ్చింది. అక్క కుట్టిన సంచి తిప్పి చూసి, ఎన్నాళ్లుగా నేర్చుకుంటున్నావని అడిగింది. అక్క మిషన్ ఆపింది.

"నేర్సుకోడం ఎప్పుడో అయిపోనాది తల్లీ. పన్నెండేళ్లుగా పని సేస్తన్నాను. ఈ పిల్లకి నేర్పింది నానే."

మేనేజరు మొహం మాడిపోయింది. ఆఫీసరమ్మ నన్నూ అదే అడిగింది. నిజం చెప్పమన్నట్టు అక్క నా మోకాలు తట్టింది. చెబితే నిజం చెప్పడంలోనూ ఆవిడ తర్వాతి దాన్నేగా అనిపించింది.

"నానింకా నేర్సుకుంటన్నానమ్మా" అన్నాను.

ఎవరి మాట వాళ్ల పేరు పక్కన రాసుకుని ఆఫీసరమ్మ వెళ్లిపోయింది. రెండు నెలలకు అక్క పేరు పనివాళ్ల రిజిస్టరులోకి ఎక్కింది. నేను మరో మూడేళ్లు శిక్షణార్థిగానే ఉండిపోయాను. అక్క దెప్పలేదు. ఒక్కరోజు మాత్రం అన్నం తింటూ మెల్లగా అంది.

"నా మీద కుళ్లుతో నోటికాడ కూడు తన్నుకున్నావే."

ఇప్పుడు నా కుట్టు కొట్లో చెవులు వినపడని ఇద్దరు ఆడవాళ్లు పనిచేస్తున్నారు. చేరిన మొదటి నెల నుంచే వాళ్లకిచ్చేది జీతమని రాసి, పూర్తిగా ఇస్తున్నాను. అందరూ నాది మంచి మనసంటారు. నాకు మాత్రం తెలుసు. పన్నెండేళ్లకు పైడమ్మక్క సాధించుకున్నది నేను ఒక్క నెలలో ఇవ్వగలనని చూపించుకోవాలి. ఆవిడ పోయి రెండేళ్లయింది, ఆ పోటీ నాలో చావలేదు.