సోమవారాల్లో ఆగని కంప్యూటరు

2005 మే 3 మంగళవారం నుంచి 21 శనివారం దాకా మా ఏలూరు ఇంట్లో కంప్యూటరు నలభై ఒక్కసార్లు దానంతటదే ఆగి, దానంతటదే మళ్ళీ మొదలైంది. గుండుగుత్తగా నలభై అనే అలవాటు నాకు లేదు. ముప్ఫై మూడేళ్ళు నర్సుగా పనిచేశాను. రోగికి జ్వరం ఎప్పుడొచ్చింది, ఎంత వచ్చింది, ఎప్పుడు దిగింది అన్నది చార్టులో రాయకుండా ఒక్కనాడూ డ్యూటీ దిగలేదు. రిటైరయ్యాక చార్టు రాయడానికి ఇంట్లో రోగులు లేక, పాలు వచ్చే వేళనూ మావారి బీపీనీ రాసుకుంటూ కాలక్షేపం చేస్తున్న రోజుల్లో ఈ కంప్యూటరు వచ్చింది.

అది మా కోడలిది. ఇంట్లో కూర్చుని శుభలేఖలు, కరపత్రాలు, అరగంటలో అయిపోయే పనులు టైపు చేసి పెట్టేది. ఆ మే నెలలో తాడేపల్లిగూడెంలోని ఒక ప్రెస్సు ఆయన ఆమెకు మొదటిసారి పెద్ద పని ఇచ్చాడు. వర్తకుల కుటుంబాల సంఘం వాళ్ళు అచ్చు వేయించే వధూవరుల పరిచయ పుస్తకం. మొత్తం రెండువందల నలభై మంది వివరాలు. ఒక్కొక్కరికీ పేరు, ఎత్తు, నక్షత్రం, చదువు, అభిరుచులు. జూన్ 5 ఆదివారం వాళ్ళ సభ. మే 25 బుధవారం సాయంత్రానికి మేటరంతా సీడీలో అందాలి. అందితే ఇకముందు ఆ ప్రెస్సు పుస్తకాలన్నీ మా కోడలికే. అందకపోతే ఈ పని ఇంకొకరికి వెళ్తుంది, తర్వాతివీ వాళ్ళకే వెళ్తాయి. ఈ మాట ఆయన చాలా మర్యాదగానే చెప్పాడు.

కంప్యూటరు ఇంటికొచ్చిన వారంలోనే నేను టేపు పెట్టి కొలతలు తీసుకుని, సీపీయూకి తొడుగు కుట్టాను. మా ఇంట్లో తొడుగు లేని వస్తువు లేదు. టీవీకి ఉంది, మిక్సీకి ఉంది, టెలిఫోనుకి ఉంది. దీనికి మాత్రం పైన మందపాటి ఆకుపచ్చ గుడ్డ, లోపల పాత దుప్పటి లైనింగు, అంచుకు నరసాపురం లేసు, రెండు పక్కలా రెండు చిలకలు. స్విచ్చికో కంత, వైర్లకో కంత వదిలాను. ఇంకెక్కడా అరంగుళం వదులు లేదు. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు.

మొదటి రోజే పన్నెండో వరుడి నక్షత్రం దగ్గర తెర నల్లబడింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది గాని, దాచుకోని మేటరంతా పోయింది. ఆ రోజు ఇంకో రెండుసార్లు అలాగే అయింది. మర్నాడు పొద్దున్నే నేను కొత్త నోటుబుక్కు తీసి గళ్ళు గీశాను. తారీఖు, వేళ, కరెంటు ఉన్నదా, ఫ్రిజ్ నడుస్తున్నదా, మిక్సీ వేశారా, ఫ్యాను ఎంతలో ఉంది, గదిలో ఎవరున్నారు. ముందు రోజు మూడూ కోడలినడిగి రాశాను. వారం తిరిగేసరికి ఒక సంగతి తేలింది. మొదలుపెట్టిన నలభై నిమిషాలకు ఆగుతోంది. మిట్టమధ్యాహ్నమైతే ఇరవై అయిదుకే.

మావారిది కొల్లేటికోట. లోకంలో జరిగే ప్రతిదానికీ కొల్లేటి గాలి కారణమని ఆయన నమ్మకం. ఈసారి మాత్రం ఎర్తింగు అన్నారు. పెరట్లో ఎర్తు గుంటలో రోజూ పొద్దున్నే రెండు బకెట్ల నీళ్ళు, గుప్పెడు ఉప్పు పోశారు. కంప్యూటరు బాగుపడలేదు గాని పక్కనున్న మందార మొక్క పోయింది. అదీ రాశాను, 8వ తారీఖున. తర్వాత దిక్కు బాగాలేదని బల్ల తూర్పుకు తిప్పించారు. దాంతో కోడలి వీపు గుమ్మంవైపు పడింది. ఎవరు లోపలికొచ్చినా ఉలిక్కిపడేది. ఫ్రిజ్ ఆపి చూశాం. పాలు రెండుసార్లు విరిగాయి. మిక్సీ ఆపి చూశాం. అయిదు రోజులు పచ్చడి లేకపోయేసరికి, మిక్సీ మీద తనకెప్పుడూ అనుమానం లేదని మావారు తేల్చేశారు.

నా వంతుగా నేను వెనక కుర్చీ వేసుక్కూర్చుని, అయిదు నిమిషాలకోసారి సేవ్ చేశావా అని అడిగేదాన్ని. మూడో రోజుకి కోడలు తిరిగి చూడకుండానే అంది.

"చేశానండి అత్తయ్యగారూ. మీరు అడిగినప్పుడల్లా చేస్తున్నాను, మీకు జవాబు చెప్పేటప్పుడు మర్చిపోతున్నాను."

పోయినదాన్ని మళ్ళీ కొట్టే కంగారులో ఒకరి వివరాలు ఇంకొకరికి అతుక్కునేవి. నమూనాకని పంపిన పేజీల్లో ఒక వధువుకు ఎరువుల వ్యాపారం, మీసం ఉన్నట్టు వచ్చిందని ప్రెస్సు ఆయన ఫోను చేశాడు. ఆ రోజు కోడలు అన్నం సరిగా తినలేదు.

మా వీధి చివర మెకానిక్కు గారిని పిలిచాం. వాళ్ళ నాన్నగారు మా రేడియో బాగుచేసేవారు. ఈయన రేడియోలు, టీవీలు దాటి కంప్యూటర్లలోకి వచ్చారు. నెమ్మదస్తుడు. ఆయన వస్తున్నారంటే నేను గది తుడిచి, తొడుగు తీసి మడిచి బీరువాలో పెట్టి, కుర్చీ సర్దేదాన్ని. ఆయన లోపలి మెమొరీ పలక ఊడదీసి, రబ్బరు ముక్కతో రుద్ది, మళ్ళీ పెట్టి, గంటన్నర కూర్చున్నారు. కంప్యూటరు ఒక్కసారి కూడా ఆగలేదు. ఆయన వెళ్ళాక నేను అన్నీ యథాస్థానంలో పెట్టాను. ముప్పావుగంటలో ఆగింది. రెండోసారి వచ్చారు, అదే వరస. 11వ తారీఖున సీపీయూని రిక్షాలో తన కొట్టుకు తీసుకెళ్ళి రెండు రోజులు ఆపకుండా నడిపారు. శుక్రవారం నమాజు అయ్యాక తిరిగి తెచ్చి, మొహమాటపడుతూ చెప్పారు.

"దీనికి ఏ జబ్బూ లేదండి సిస్టరమ్మగారూ. మీ ఇంట్లోనే ఏదో ఉందండి."

మావారు ఆ మాట పట్టుకుని ఈశాన్యం మూల కొలవడం మొదలుపెట్టారు.

20వ తారీఖు శుక్రవారం సాయంత్రం లెక్క చూశాను. అయినవి నూట ముప్ఫై ఒకటి. మిగిలినవి నూట తొమ్మిది. సక్రమంగా నడిస్తే గంటకు అయిదు అవుతాయి, ఈ ఆగడాల మధ్య రోజుకు తొమ్మిదికి మించడం లేదు. అయిదు రోజులకు నలభై అయిదు. అరవై నాలుగు మంది మిగిలిపోతారు. కోడలు లెక్క విని, ప్రెస్సు ఆయన నంబరున్న చీటీ తీసి ఫోను పక్కన పెట్టుకుంది. రేపు సాయంత్రం వరకూ చూసి, నావల్ల కాదని చెప్పేస్తానంది.

అప్పుడే నోటుబుక్కు పేజీలు తిరగేస్తుంటే, సీపీయూ కొట్టులో ఉన్న రోజులు కాక 9వ తారీఖు, 16వ తారీఖు గళ్ళు ఖాళీగా కనిపించాయి. రెండూ సోమవారాలే. ఆ రెండు రోజులూ కంప్యూటరు ఒక్కసారీ ఆగలేదు. మావారికి చూపించాను. ఆయన కళ్ళద్దాలు తీసి చెంపలు వేసుకున్నారు.

"ఇన్నాళ్ళూ మనకి తట్టలేదు చూడు. శివుడి వారమే. మిగతా నూట తొమ్మిదీ సోమవారం కొట్టించెయ్యి."

నూట తొమ్మిదికి దాదాపు ఇరవై రెండు గంటలవుతుందని, శివుడైనా అంతసేపు కూర్చోలేడని చెప్పాను. శనివారం పొద్దున్నే మళ్ళీ మెకానిక్కు గారికి కబురు పెట్టాను.

ఆయన వచ్చారు. తొడుగు బీరువాలోకి వెళ్ళింది. ఆయన కాఫీ తాగుతూ రెండు గంటలు కూర్చుంటే, పక్కన కోడలు పదిమందిని గబగబా కొట్టేసింది. చుక్క ఆటంకం లేదు.

"మీరు బుధవారం దాకా ఇలాగే కూర్చోగలరాండీ?" అని కోడలు అడిగింది. హాస్యానికి అడగలేదు.

నాకు ఒక ఆలోచన వచ్చింది. డాక్టరుగారు రౌండుకొస్తే నొప్పి లేదనే రోగులు, ఆయన గుమ్మం దాటగానే మూలిగే రోగులు నాకు బాగా తెలుసు. అందుకని మెకానిక్కు గారిని వెళ్తున్నట్టు వెళ్ళి, వీధి అరుగు మీద చప్పుడు చెయ్యకుండా కూర్చోమన్నాను.  పెద్దదాన్ని కాబట్టి నా మాట కాదనలేక, ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళి కూర్చున్నారు. నేను అలవాటు ప్రకారం గది సర్ది, తొడుగు తొడిగి, గడియారం చూసి రాసుకున్నాను. ముప్ఫై ఎనిమిది నిమిషాలకు తెర నల్లబడింది. అది నలభై ఒకటోది.

"రండి" అని కేకేశాను. ఆయన లోపలికొచ్చి, బల్ల కింద చిలకల్ని చూసి ఆగిపోయారు.

"ఇదేంటండీ?"

"తొడుగు."

"ఇది నేనెప్పుడూ చూళ్ళేదండీ."

"మీరొస్తున్నారంటే తీసేస్తాను. డాక్టరు చూడ్డానికొస్తే దుప్పటి తీస్తాం కదండీ."

ఆయన వంగి చిలక మీద చెయ్యి వేసి, చటుక్కున తీసేశారు. తొడుగు కింది నుంచి పైకి లాగారు. సీపీయూ పక్కన వరసగా సన్నటి కంతలు. అవి దాని ముక్కులనీ, లోపలి వేడి బయటికి పోయే దారి అవేననీ, వేడి మించితే అది తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుందనీ నెమ్మదిగా చెప్పారు. తర్వాత నా నోటుబుక్కు కేసి చూశారు.

"ఏమనుకోకండి సిస్టరమ్మగారూ. జ్వరమొచ్చిన మనిషికి మే నెల ఎండల్లో దుప్పటి కప్పి, జ్వరం ఎందుకు దిగట్లేదా అని చార్టు రాశారండి."

నేను కుర్చీలో కూర్చున్నాను. నా గళ్ళలో ఫ్రిజ్ ఉంది, మిక్సీ ఉంది, ఫ్యాను ఉంది. తొడుగు లేదు. మంచం మీద దుప్పటి ఉన్నదని ఏ నర్సూ చార్టులో రాయదు. సోమవారం సంగతి కూడా అప్పుడే వెలిగింది. సోమవారం మా ఇంట్లో తొడుగులు ఉతికే రోజు.

కోడలు నవ్వు ఆపుకోవడానికి పవిట నోట్లో కుక్కుకుంది. మావారు మాత్రం, ఉతికే బుద్ధి సోమవారమే పుట్టించింది ఎవరని అడిగారు. 

ఆ సాయంత్రానికి ఇంకో పద్నాలుగు మంది. ఆది, సోమ, మంగళవారాలు రోజుకు పాతిక. బుధవారం పొద్దున చివరి పది. పన్నెండింటికి సీడీ చేతికొచ్చింది. ప్రూఫు అంతకుముందే మూడుసార్లు నేనే చదివాను. ఆ తొడుగు రెండు మడతలు వేస్తే అన్నం గిన్నెకు సరిగ్గా సరిపోయింది, మధ్యాహ్నం రెండింటికి కూడా అన్నం పొగలు కక్కుతూనే ఉంది. కోడలు తిని, దెందులూరు, ఉంగుటూరు మీదుగా వెళ్ళే బస్సెక్కి, నాలుగూ పదికి తాడేపల్లిగూడెంలో ప్రెస్సు ఆయన చేతికి సీడీ ఇచ్చి వచ్చింది.

సభ అయిన వారానికి ఆయన ఫోను చేశాడు. ఎనభై ఏడో నంబరు వరుడు, ఎరువుల కొట్టు అబ్బాయి, ఎత్తు అయిదడుగుల తొమ్మిదంగుళాలు. అభిరుచులు: ముగ్గులు వేయుట, లేసు అల్లుట.  కోడలు ఫోను నాకు కూడా వినపడేలా పట్టుకుంది.

"క్షమించండి. ఎక్కడో కలిసిపోయిందండి."

"అదేం లేదండీ. ఆ అబ్బాయికి పదకొండు సంబంధాలు వచ్చాయంట. పుస్తకం మొత్తంలో అన్ని ఎవరికీ రాలేదు. వచ్చే పుస్తకానికి మగపిల్లల తల్లులు ముగ్గులు రాయమని ఇప్పుడే అడుగుతున్నారు. ఆ పని కూడా మీదేనండి. అది సరే, ప్రూఫు ఎవరు చూశారండీ?"

కోడలు నావైపు చూసింది. నేను నోటుబుక్కు మూసేశాను.

"మా అత్తయ్యగారండి" అంది, "ఆవిడ చూస్తే ఒక్కటి కూడా తప్పిపోదండి."