రెండున్నర గాజుల చేయి

పిస్టళ్ళు ఐదు వచ్చాయి. ఐదూ పొట్టివే. వాటితోపాటు ఒక కాగితం: వారం రోజులు దగ్గర ఉంచుకుని, చిన్న చేతులున్న సిబ్బందితో కాల్పించి చూసి, ఏది నప్పుతుందో రాసి పంపాలి. ఆ కాగితం అమలాపురంలో మా ఆఫీసు బల్లలన్నీ తిరిగి చివరికి నా బల్ల మీద వాలింది. చిన్న చేతులంటే ఆడవాళ్ళు, ఆడవాళ్ళంటే నేను. "ఆ సంగతులు మీకే తెలుస్తాయండి" అన్నారు మా పైఅధికారి, తల ఎత్తకుండానే. పద్దెనిమిదేళ్ళుగా వింటున్న మాట. లేడీస్ బాత్‌రూము గడియ ఊడినా నాకే తెలుస్తుంది, ఎవరికైనా బెల్టు వదులైనా నాకే తెలుస్తుంది. ఈ మధ్య విసుగు రావడం కూడా మానేసింది. కాగితం తీసుకుని వచ్చేశాను.

నేను ఆర్మ్‌డ్ రిజర్వు పోలీసులో సబ్‌ఇన్‌స్పెక్టర్ని. ఏటా జరిగే ఫైరింగు పరీక్షకు మా ఆడ సిబ్బందిని తయారుచేసేది నేనే, మార్కులు వేసేదీ నేనే. మార్కుల పక్కన రిజిస్టరులో ఒక గడి ఉంటుంది. అందులో మనిషిని గురించి ఒక మాట రాయాలి. 'బాగు' అనో, 'సాధన అవసరం' అనో. గడి చిన్నది, రెండు మాటలకు మించి పట్టదు. ఇన్నేళ్ళలో ఆ గడిని నింపడానికి నేను పెద్దగా ఆలోచించిన గుర్తు లేదు.

చిన్న చేతులవాళ్ళ జాబితా ఎలా తీయాలో మొదట తోచలేదు. ఆఫీసులో అందరి చొక్కా కొలతలూ ఉన్నాయి, బూట్ల కొలతలూ ఉన్నాయి, చేతి కొలత మాత్రం ఎవరిదీ లేదు. కాసేపు ఆలోచించి మా ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో మెసేజీ పెట్టాను: "అందరూ మీ గాజుల సైజు పంపండి." అరగంటలో అందరివీ వచ్చేశాయి. ఒకామె "ఎవరి పెళ్ళండీ మేడమ్?" అని కూడా అడిగింది. రెండుంబావు సైజువాళ్ళు, అంతకంటే చిన్నవాళ్ళు కలిపి ఏడుగురు తేలారు. రెండున్నర పంపినవాళ్ళను పెద్ద చేతులని పక్కన పెట్టేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఈ మధ్య నేను మురిసిన సందర్భాలు తక్కువ, అందుకే ఇది బాగా గుర్తుంది.

మర్నాడు పొద్దున్నే వ్యాను ఎక్కి ఫైరింగు రేంజికి వెళ్ళాం. ముమ్మిడివరం దాటాక రొయ్యల చెరువుల మధ్య నుంచి దారి. నీళ్ళు చిమ్ముతూ తిరిగే ఏరేటర్ల చప్పుడు, నీచువాసన, తొమ్మిదింటికే ఒళ్ళంతా జిడ్డు. ఎత్తయిన ఇసుక దిబ్బకు ముందు టార్గెట్లు నిలబెట్టారు. మాతో ఆర్మరరు కూడా వచ్చారు. మా తుపాకులన్నిటినీ బాగుచేసి, నూనె పెట్టి, లెక్కగా చూసుకునే హెడ్ కానిస్టేబులు ఆయన. రిటైర్మెంటు దగ్గరపడింది. నేను బాబాయ్‌గారు అంటాను. తుపాకులతో ఉన్నంత చనువు ఆయనకు మనుషులతో ఉండదు. టార్పాలిన్ పరిచి ఐదు పిస్టళ్ళూ వరసగా పెట్టారు. పోలిక కోసం చివర్లో మేము రోజూ వాడే పాత తొమ్మిది ఎమ్మెమ్ పిస్టలు పెట్టారు.

పాతదాని పిడి లావు. లోపల మ్యాగజైనులో తూటాలు రెండు వరసల్లో సర్దుకుంటాయి కాబట్టి దానికి ఆ లావు తప్పదు. కొత్తవాటిలో అన్నిటికంటే చిన్నది అరచేతిలో దాక్కుంటుంది. ఏడుగురూ ముందు దాని మీదే పడ్డారు. "ఇది బాగుందండి, హ్యాండ్‌బ్యాగులో పట్టేస్తది" అంది ఒకామె. కాల్చాక దాని సంగతి బయటపడింది. బరువు లేదు, అందుకని తన్నుడంతా చేతికే. పిడి పొట్టి, అందుకని చిటికెనవేలికి పట్టు దొరక్క గాల్లో వేలాడుతుంది. స్ప్రింగు ఎంత బిగువంటే తూటా ఎక్కించడానికి పైనున్న స్లైడు వెనక్కి లాగలేక ఒకామె పిస్టలును మోకాళ్ళ మధ్య ఇరికించబోయింది. "అమ్మాయ్! అది రోకలి కాదు!" అని బాబాయ్‌గారు అరిచిన అరుపుకు చెరువు గట్టు మీద కొంగలు లేచిపోయాయి. చిన్న చేతికి చిన్న తుపాకీ ఇస్తే సరిపోతుందనుకున్న పెద్దలెవరో ఆ ఎండలో వచ్చి రెండు మ్యాగజైన్లు కాల్చి వెళితే బాగుండేది.

మధ్యాహ్నానికి నా కాగితమంతా గందరగోళం. రెండుంబావు గాజుల పిల్ల ఒకతె పాత లావు పిస్టలుతోనే అందరికంటే బాగా కాల్చింది. అదే సైజు గాజులున్న ఇంకొకామెకు ఆరింటిలో ఏదీ కుదరలేదు. నా జాబితాకూ వాళ్ళ గురికీ పొంతనే లేదు. పైగా కాల్చిన ప్రతి తూటాకూ ఖాళీ ఇత్తడి కేసు తిరిగి అప్పజెప్పాలి. ఒకటి తగ్గిందని అందరం వంగి ఇసుక జల్లెడ పట్టాం. నడుము పట్టేసింది. దొరికిన కేసు నాకు ఇస్తూ బాబాయ్‌గారు మెల్లిగా అడిగారు.

"వీళ్ళని ఎలా ఎంచేరండి మేడమ్?"

"గాజుల సైజు బట్టండి."

ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"గాజు ఎక్కేది చెయ్యి వెడల్పు బట్టండి. ట్రిగ్గరు అందేది వేలి పొడుగు బట్టి. ఆ రెండిటికీ సంబంధం లేదండి."

అంటూనే వెళ్ళి దిబ్బ పక్కన పడి ఉన్న కొబ్బరాకు తెచ్చి ఈనెలు చీల్చారు. ఒక్కొక్కరినీ పిలిచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న లోతులో ఈనె ఒక కొస ఆనించి, చూపుడువేలి మొదటి కణుపు మధ్య దాకా కొలిచి అక్కడ తుంచారు. తర్వాత ఒక్కో పిస్టలుకూ పిడి వెనక నుంచి ట్రిగ్గరు దాకా అలాగే కొలిచి తుంచారు. చేతి ఈనె కంటే పిస్టలు ఈనె పొడుగైతే ఆ పిస్టలు ఆ చేతిది కాదు. అంతే. పొద్దుటి నుంచీ అర్థంకాని గందరగోళం పది నిమిషాల్లో విడిపోయింది. మా అమ్మ ఈనెలు చీరి చీపుర్లు కట్టి నన్ను చదివించింది. ఈనెకు ఇంత పని ఉందని ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు.

"మీదీ చూద్దాం రండి" అన్నారు.

నా ఈనె పాత పిస్టలు ఈనె కంటే గోరంత పొట్టి. 

"మీరు పిడిని పక్కకి తిప్పి పట్టుకుంటారండి. వేలు అందాలి కదా మరి. అందుకే ఆ బొటనవేలి పోటు."

నిజమే. కుడి బొటనవేలి మొదట్లో కీలు ఏళ్ళుగా పోటు. గిన్నెలు తోమడం వల్ల అనుకున్నాను, వయసు అనుకున్నాను, బామ్ రాసుకుంటూ వచ్చాను. పద్దెనిమిదేళ్ళుగా ప్రతి తూటా దెబ్బా ఆ కీలే తింటోందన్నమాట. 

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం బాబాయ్‌గారూ?"

"మీరు అడగలేదు కదండి. మార్కులేమో వచ్చేస్తన్నాయి. పైగా ఆఫీసరు."

నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఎందుకంటే అప్పటికే ఇంకొక చేయి గుర్తొచ్చింది.

మూడేళ్ళ క్రితం మలికిపురం వైపు నుంచి వచ్చిన కానిస్టేబులు ఒకామె ఉండేది. ఉద్యోగం రాకముందు ఇంట్లోవాళ్ళతోపాటు గునపం మీద కొబ్బరికాయలు వలిచిన చేతులు ఆమెవి. వెడల్పాటి అరచెయ్యి, గట్టి మణికట్టు, పొట్టి వేళ్ళు. వేళ్ళు పొట్టివని ఇప్పుడంటున్నాను. అప్పుడు నాకు కనిపించింది అరచెయ్యి వెడల్పే. గన్‌మన్ కోర్సుకు వెళ్ళాలని, ఎవరైనా లేడీ ఆఫీసరుకు రక్షణగా డ్యూటీ చేయాలని ఆమెకు ఆశ. దానికి పిస్టలు పరీక్ష గట్టెక్కాలి. ఆమె కాల్చిన తూటాలన్నీ ఎడమకే పోయేవి.

"ట్రిగ్గరుకి వేలు అందటం లేదండి మేడమ్" అంది.

"నీ చెయ్యి నా చేతికి రెండింతలుంది. నాకు అందింది నీకు అందకపోవడమేమిటి? భయపడుతున్నావు, అంతే."

"ఆయ్, భయం లేదండి. వేలే..."

నేను వినలేదు. ఆ రోజు ఇంకా పదిమంది మిగిలి ఉన్నారు, ఎండ మండుతోంది. రిజిస్టరులో ఆమె పేరు పక్కన గడిలో 'భయం' అని రాశాను. ఒక్క మాట. గడిలో చక్కగా పట్టింది. ఆమెకు కోర్సు రాలేదు. రాజోలు వైపు ఒక స్టేషన్‌లో రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చోబెట్టారని తర్వాత విన్నాను. ఆ పైన ఆమె గురించి నేను ఆలోచించలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం అదే. మొన్న గాజుల సైజు అడిగితే, గ్రూపులో ఇంకా ఉన్న ఆమె కూడా పంపింది. రెండున్నర. ఆ చేతిని నేను రెండోసారి కూడా పక్కన పెట్టేశాను.

పిస్టళ్ళు తిరిగి పంపడానికి ముందు రోజు ఆమెను రేంజికి పిలిపించాను. బస్సూ ఆటో మారి ఎండనపడి వచ్చింది. నమస్కారం పెట్టి దూరంగా నిలబడింది. బాబాయ్‌గారు ఈనె కొలిచారు. నా ఈనె పక్కన పెట్టి చూపించారు. రెండున్నర గాజుల చేతి ఈనె నాదానికంటే పొట్టి. ఆయన ఆ రెండు ఈనె ముక్కలూ నా అరచేతిలో పెట్టి పిస్టలు తేవడానికి వెళ్ళారు.

తెచ్చింది అన్నిటికంటే చిన్నది కాదు. రెండోది. తూటాలు ఒకే వరసలో ఉంటాయి కాబట్టి పిడి సన్నం, చిటికెనవేలికి కూడా చోటు ఉంది, పట్టి ఉంచేంత బరువూ ఉంది. పిడి వెనక బిగించే పట్టీల్లో పల్చటిది ఎంచి వేశారు. ఆమె తీసుకుని, మ్యాగజైను తీసి లోపల ఖాళీ అవునో కాదో చూసుకుని, తూటాలు నింపి మళ్ళీ ఎక్కించి నిలబడింది. మూడేళ్ళు పిస్టలు ముట్టని మనిషి ఒక్క నియమం మరిచిపోలేదు. కాకపోతే చేతులు వణుకుతున్నాయి. ఇక్కడి నుంచే కనిపిస్తోంది. మొదటి రెండూ కిందికి పోయాయి. ఆగి, ఊపిరి తీసుకుని, మిగతావి కాల్చింది. టార్గెట్ మధ్యలో ఒకదాని పక్కన ఒకటి. ఎడమకు ఒక్కటీ పోలేదు.

నేను పరిగెత్తినంత పని చేశాను. ఇన్నాళ్ళ నీరసంలో అంత తేలిక నాకు ఎప్పుడూ కలగలేదు. నా తప్పు అంత సుళువుగా దిద్దుకుపోయిందనుకున్నాను.

"చూశావా! నీకు భయమే లేదు!" అన్నాను.

ఆమె పిస్టలు ఖాళీచేసి, స్లైడు తెరిచి బాబాయ్‌గారికి చూపించి, బల్ల మీద పెట్టింది. చేతులు వెనక్కి కట్టుకుంది, వణుకు నాకు కనపడకుండా.

"అప్పుడు లేదండి మేడమ్. ఇప్పుడుందండి."

నేను టార్గెట్ వైపు చెయ్యి చూపించాను.

"మీరు రాసింది స్టేషన్లో అందరికీ తెలిసిపోయిందండి. ఎక్కడన్నా టపాకాయ పేలితే చాలు, అందరూ నా వేపు చూసి నవ్వేవోరండి. మా ఆయన కూడా సరదాకి అంటా ఉంటారు, భయస్తురాలివని. వినగా వినగా వచ్చేసిందండి. వస్తా వస్తా బస్సులో రెండుసార్లు దిగిపోదామనుకున్నాను."

కోపంగా అనలేదు. రిసెప్షన్ బల్ల దగ్గర ఎవరికో దారి చెప్పినట్టు చెప్పింది. అదే నాకు భరించడం కష్టమైంది. తిడితే సమాధానం వెతుక్కునేదాన్ని.

పక్కకు వెళ్ళి పైఅధికారికి ఫోన్ చేశాను. పిస్టలు ఏదో తేలిందని చెప్పాను, ఈమె సంగతీ చెప్పాను. "పిస్టలు పేరు రాసి పంపండి చాలు. పాత రిజిస్టరు ఇప్పుడెవరు చూస్తారండీ? మీ తప్పని మీరే రాసుకుంటారా?" అన్నారు. ఆయన మాట్లాడింది నా మంచికే. సర్వీసు ఇంకా ఉంది, ప్రమోషను ఫైలు ఎక్కడో కదులుతోంది. ఒక క్షణం ఆయన మాటే బాగుందనిపించింది. అలసిపోయిన మనిషికి ఊరుకోవడమంత సుఖం ఇంకేముంటుంది.

తిరిగి వచ్చేసరికి ఆమె ఇసుకలో వంగి తను కాల్చిన ఖాళీ కేసులు ఏరుతోంది. నేనూ వంగాను. ఇద్దరం కలిసి ఏరాం.

"ఈసారి కోర్సుకి నీ పేరు రాస్తాను. ఈ పిస్టలుతోనే సాధన చేద్దువుగాని. వస్తావా?" అన్నాను.

ఆఖరి కేసు నా చేతిలో వేసి లేచి నిలబడింది.

"ముందు మీరు ఆ మాట కొట్టెయ్యండి మేడమ్. భయం సంగతి నేను చూసుకుంటానండి."

ఆ సాయంత్రమే ఆఫీసుకు వెళ్ళి మూడేళ్ళ కిందటి రిజిస్టరు తీయించాను. 'భయం' మీద గీత గీశాను. గీత గీస్తుంటే బొటనవేలు పోటెత్తింది. కింద రాయడం మొదలుపెట్టాను: "వేలు అందని పిస్టలు ఇచ్చాను. అందటం లేదని ఆమె చెప్పింది, నేను వినలేదు. తప్పు నాది." ఆమె భయం పట్టిన గడిలో నా తప్పు పట్టలేదు. మార్జినులోకి రాసి, కింద సంతకం పెట్టాను.