పెద్దమ్మ కొన్న మూకుడు

“మళ్ళీ మూకుడా అత్తయ్యా? నిన్న మీరు వండిన కూర కుక్క కూడా ముట్టలేదు. ఇకనుంచి వంట నాకొదిలేయండి!”

“వదిలేసి నేనేం చెయ్యను, గోడలు చూస్తూ కూర్చోనా?”

పండగ సంతలో గిన్నెల దుకాణం పక్కన ఈ మాటలు విని పక్కింటి కుర్రాడు ఆగిపోయాడు. ఒకటి పెద్దమ్మ కోడలి గొంతు, రెండోది పెద్దమ్మది.

పెద్దమ్మకు సంతంటే ప్రాణం. ఏ గిన్నెనైనా వేలితో మోగించి, అడుగు మందం చూసి గాని కొనదు. కొన్నది ఆ సాయంత్రమే పొయ్యెక్కాలి, ఇంటిల్లిపాదీ వేళ్ళు నాక్కుంటూ తినాలి. ఈమధ్య మాత్రం కూర ఒకరోజు ఉప్పుకషాయం, మరోరోజు చప్పిడి. ముసలామెకు మతిమరుపొచ్చిందని కోడలు తేల్చేసింది.

కోడలు విసవిసా వెళ్ళిపోయింది. పెద్దమ్మ మూకుడు కొననైతే కొన్నది గాని, ముఖంలో కళ లేదు. అతణ్ణి చూసి, “కాలేజీ మానేసి ఊరు కొలిచే కాళ్ళేగా, ఇది కాస్త మోయరా,” అంది.

“మోస్తాలే. ముందు నిజం చెప్పు పెద్దమ్మా, ఉప్పు వేసింది మర్చిపోతున్నావా?”

“మతి బానే ఉందిరా. మొన్నటి జ్వరం తగ్గిన దగ్గర్నించీ నాలిక్కి రుచే తెలియట్లేదు. ఉప్పైనా మట్టైనా నాకొకటే.” ఆమె గొంతు తగ్గించింది. “వాళ్ళకు తెలిస్తే ఇక పొయ్యి దగ్గరికి రానివ్వరు. రోజూ కూర దించేముందు పెరటివైపు నుంచి వచ్చి, ఉప్పు సరిపోయిందో లేదో చూసి చెప్తావా?”